మా ఇంటి కంకులు: కొన్ని నీళ్లకు, కొన్ని నిప్పులకు

మొక్కజొన్న కంకి దగ్గర మా ఇంట్లో రెండు పార్టీలు. పిల్లలది స్వీట్‌కార్న్ పార్టీ. ఉడకబెట్టి, వెన్న రాసి చేతికివ్వాలి. మా ఆయనది పలమనేరు వైపు పల్లె. నాటు కంకి నిప్పుల మీద కాలి, అక్కడక్కడా నల్లబడి, పళ్లకు కాస్త పని పెడితేనే ఆయనకు కంకి తిన్నట్టు. తిరుపతిలో వానలు గట్టిగా పడేది అక్టోబరు, నవంబరుల్లో. ఆ రోజుల్లో సాయంత్రమైతే చాలు, రెండు ఆర్డర్లూ నా మీదే పడతాయి. ఫ్లాట్‌లో ఉంటూ ఈ రెండూ కుదరాలంటే ఎలాగో తేల్చుకోవడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది.

సగం సంగతి రైతుబజారులోనే తేలిపోతుంది. పైఆకులు ఒలిచి చూస్తే అమ్మే వాళ్లకు ఒళ్లు మండుతుంది. వాళ్ల కోపం న్యాయమే, ఒలిచిన కంకి ఎండిపోతుంది, దాన్ని తర్వాత ఎవరూ తీసుకోరు. అందుకని నేను పీచు చూస్తాను. ఆకులు పచ్చగా ఉండాలి, కొన దగ్గర పీచు మాత్రం గోధుమరంగుకు తిరిగి ఉండాలి. ఆకుల మీది నుంచే కొన దాకా వేళ్లతో నొక్కుకుంటూ పోతే గింజ నిండిందో లేదో తెలిసిపోతుంది. ఆ పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజది. పుప్పొడి అందని పోగు కింద గింజ కట్టదు. కొన్ని కంకులు పళ్లూడిన నోరులా కనిపించేది అందుకే. ఇంటికొచ్చాక ఒక గింజను గోరుతో గిల్లుతాను. పాలు చిమ్మిందంటే కాల్చడానికి సిద్ధం. నీళ్లలా వస్తే ఇంకా లేత. ముద్దలా వస్తే ముదిరింది, దానికి కుక్కరే గతి.

స్వీట్‌కార్న్‌తో పెద్ద పని లేదు. నీళ్లు తెర్లుతుండగా వేసి ఐదారు నిమిషాల్లో తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే గింజలు ముడతలు పడతాయి. దాన్ని కుక్కర్లో పెట్టి విజిల్స్ లెక్కపెట్టడం నా దృష్టిలో అన్యాయం. తెంపిన దగ్గర్నుంచీ అందులోని చక్కెర కొద్దికొద్దిగా పిండిగా మారుతూ ఉంటుంది, వేడిలో ఇంకా తొందరగా మారుతుంది. అందుకే పొద్దున్నే కొని, ఆకులు తీయకుండానే ఫ్రిజ్‌లో పెడతాను. వండేది ఆ రోజే. నాటు కంకి ముదురైతే మునిగేటన్ని నీళ్లు, ఉప్పు, చిటికెడు పసుపు వేసి కుక్కర్లో నాలుగైదు విజిల్స్ రానిస్తాను. ఆ ఉప్పునీళ్లలోనే కాసేపు వదిలేస్తే గింజ లోపలికి ఉప్పు దిగుతుంది.

అసలు టెన్షన్ కాల్చే దగ్గరే. గ్యాస్ మంట మీద నేరుగా పెడితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, పైగా గింజలు టపటపా పేలి స్టవ్ నిండా పడతాయి. పుల్కాలు కాల్చే జాలీ పెట్టి మంట తగ్గిస్తే కొంత నయం, కానీ ఆ బొగ్గు వాసన ఎక్కడి నుంచి వస్తుంది? కపిలతీర్థం దారిలో బండి పెట్టుకున్న ఒకావిడ కాలుస్తుంటే నిలబడి చూశాను. విసనకర్ర ఒక చేత్తో, కంకి ఒక చేత్తో. మంట లేస్తే కంకి పక్కకు తీసేస్తోంది, మంట అణిగాకే మళ్లీ పెడుతోంది.

"ఏమ్మా, మంట మీదే పెడితే తొందరగా కాలదా?" అన్నాను.

"మంటలో మాడతాది మా, సెగలోనే కాలేది. బొగ్గుల మీద బూడిద కట్టేదాకా ఆగల్ల" అంది, నా వైపు చూడకుండానే.

అమ్మ వాళ్లింట్లో అటక మీదున్న ఇనప కుంపటి దింపించి మేడ మీద పెట్టాను. బొగ్గులు రాజుకుని, పైన తెల్లటి బూడిద పొర పట్టేదాకా కంకి ముట్టను. ఇప్పుడు నా పద్ధతి ఇది. ఆకులు తెంపకుండా వెనక్కి వలిచి, పీచంతా తీసేసి, మళ్లీ ఆకులు కప్పి కాసేపు నీళ్లలో నానబెడతాను. అలాగే నిప్పుల మీద పెడితే లోపల ఆవిరికి గింజ ఉడుకుతుంది, పైన ఆకులు నల్లగా కమురుతాయి. పది నిమిషాల తర్వాత ఆకులు వెనక్కి లాగి, వాటినే పిడిలా పట్టుకుని నిప్పుల మీద తిప్పుతాను. ఒక్కో గింజ మీద గోధుమరంగు చుక్క పడుతుంది, తర్వాత ఒకటీ అరా చిటపటమంటాయి. ఆ చప్పుడు మొదలైతే తీసేయొచ్చు. పొగ వాసనకు పై ఫ్లాట్ వాళ్లు మొదట్లో ఏదో అన్నారు. రెండు కంకులు పంపాక ఆ మాట మళ్లీ రాలేదు.

ఇక పైన రాసేవి. నిమ్మచెక్క ఉప్పూకారంలో అద్ది రుద్దడం అందరికీ తెలిసిందే. కాకపోతే కంకి చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉన్నప్పుడే రుద్దాలి, చల్లారితే కారం పైపైనే ఉండి చొక్కా మీద రాలుతుంది. నాకు మాత్రం దోసె మీద పూసే ఎర్రకారమే ఇష్టం. ఎండుమిరపకాయలు వేడినీళ్లలో నానబెట్టి, సాంబారు ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఉప్పు, చిన్న చింతపండు రెబ్బ వేసి మెత్తగా రుబ్బి, శెనగనూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గనిస్తాను. శెనగనూనె అంటే మా వైపు వేరుశెనగ నూనే. కాలిన కంకికి పలచగా పూసి, మళ్లీ అర నిమిషం నిప్పుల మీద చూపిస్తే కారం గింజల సందుల్లోకి దిగి అంటుకుపోతుంది. ఉడికిన కంకికైతే ముందు నెయ్యి, దాని మీద పప్పుల పొడి, అంటే పుట్నాల పొడి. నెయ్యి లేకుండా పొడి నిలవదు. వెన్నయినా నెయ్యయినా నిప్పుల మీద నుంచి తీశాకే, ముందే పూస్తే కారి మంటలేస్తుంది.

మా పెద్దాడు మయోనీస్, చీజ్ కావాలంటాడు. అదేం తిండిరా అంటే, మొక్కజొన్న పుట్టిన మెక్సికోలోనే అలా తింటారని ఫోన్‌లో చూపించాడు. నిజమే, అక్కడ కంకికి మయోనీస్ పూసి, చీజ్ పొడి చల్లి, కారం, నిమ్మరసం కూడా వేస్తారు. మిరపకాయ కూడా ఆ వైపు నుంచే వచ్చింది కాబట్టి గట్టిగా వాదించలేకపోయాను. వాడి ప్లేట్లో వాడి ఇష్టం.

మిగిలిన నాటు గింజలు మరుసటి రోజు ఒలిచి, పచ్చిమిరపకాయలు, అల్లం, జీలకర్రతో బరకగా రుబ్బుతాను. పిండి జారుగా ఉంటే రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి గారెలు వేస్తాను. వాటికి మాత్రం రెండు పార్టీలూ ప్లేట్లు పట్టుకుని ఒకేసారి వస్తాయి, కాబట్టి కంకులు కొనేటప్పుడే నాలుగు ఎక్కువ తీసుకుంటున్నాను.