ఏ సులోచన?

పదకొండున్నర దాటింది. అన్నాల దగ్గర బావగారన్న మాట ఇంకా చెవిలోనే తిరుగుతోంది.

సాయంత్రం అత్తయ్యకి 1953 నాటి హిందీ 'అనార్కలి' పెట్టాను. (మన అంజలీదేవి 'అనార్కలి' వచ్చింది ఇంకో రెండేళ్ళకి.) సలీం తల్లి జోధాబాయి కనపడగానే "ఈవిడే సులోచన" అన్నాను. బావగారు కంచంలోంచి తలెత్తకుండా "ఆ, తల్లి వేషాలావిడ" అనేసి పెరుగు అడిగారు.

తల్లి వేషాలావిడట! 1928 మూకీ 'అనార్కలి'లో అనార్కలి ఆవిడే. 1935లో మాటలొచ్చిన 'అనార్కలి'లోనూ ఆవిడే. 1927లో 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే'లో ఎనిమిది వేషాలు కట్టింది. పోలీసు, తోటమాలి, అరటిపళ్ళమ్మి, హైదరాబాదీ పెద్దమనిషి కూడా! నెలకి 5,000 రూపాయలట, బొంబాయి గవర్నరు జీతం కన్నా ఎక్కువని చెప్పుకునేవారు. ఇదంతా అక్కడే చెప్పాల్సింది. పెరుగు గిన్నె అందించి ఊరుకున్నాను. అదే మండుతోంది నాకు.

అసలు పేరు రూబీ మయర్స్, పుణేలో పుట్టిన యూదుల పిల్ల. సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటర్. అది చదివినప్పటి నుంచీ ఆవిణ్ణి చూస్తే పిన్నే గుర్తొస్తుంది. సెలవుల్లో నేను క్యారేజీ పట్టుకెళ్ళేసరికి పిన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంక్ కాల్స్ కలిపే బోర్డు ముందు మెడ ఓ పక్కకి వాల్చి, ఒక తీగ పీకుతూ ఇంకోటి గుచ్చుతూ "మాట్లాడండి, లైన్లో ఉన్నారు" అంటుండేది. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు. హెడ్‌సెట్ తీస్తే చెవి పైన ఎర్రగా గాడి. ఎస్టీడీ వచ్చి పై ఊళ్ళకి ఎవరి ఫోన్ వాళ్ళే నేరుగా కలుపుకోవడం మొదలయ్యాక పిన్నిని బిల్లుల సెక్షన్లో వేశారు.

సులోచనకి టాకీలతో వచ్చింది చిక్కు. హిందుస్తానీ సరిగ్గా రాదు. మాట్లాడే ఉద్యోగం చేసొచ్చిన మనిషికి మాటే అడ్డమైంది. ఏడాదిపాటు పని మానుకుని మరీ నేర్చుకుని, 1932లో 'మాధురి' టాకీతో మళ్ళీ వచ్చింది.

ఆ తల్లి వేషం చూసి ఇన్నాళ్ళూ జాలిపడేదాన్ని, ఇంకొకరు అనార్కలి కడితే ఆవిడ పక్కన నిలబడాలా అని. ఇవాళెందుకో జాలి రాలేదు. చిన్నబుచ్చుకున్న ఛాయే కనపడలేదు ఆ మొహంలో. పిన్ని కూడా బిల్లుల దగ్గర హాయిగానే ఉండేది, బోర్డు కోసం ఏడ్చింది నేనే. మరి "తల్లి వేషాలావిడ" అంటే నాకెందుకింత పొడుచుకురావాలి? ఆ మాట కాదేమో, తలెత్తకపోవడం.

ఆవిడ మూకీల్లో చాలావాటికి రీళ్ళే మిగల్లేదు. చూపిద్దామన్నా లేవు.

బావగారి బండి పొద్దున్న ఆరున్నరకి. కాఫీ ఇచ్చేటప్పుడు ఆ హైదరాబాదీ పెద్దమనిషి సంగతైనా చెప్తాను.