జున్నుగాడితో మిడిల్ ఫోర్క్

అక్టోబర్ 18, శనివారం

రాత్రే పులిహోర కలిపి పెట్టుకున్నాను. పొద్దున డబ్బాలో సర్దుతుంటే మా కుక్క జున్నుగాడికి సంగతి అర్థమైపోయింది. మెడకి తగిలించే లీష్ ఇంకా కొక్కేనికి ఉండగానే వెళ్లి తలుపు దగ్గర కూర్చున్నాడు.

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్లం, ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే స్నోక్వాల్మీ జలపాతానికి తీసుకెళ్లి, 268 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్ల ముందు నిలబెట్టి ఫోటో తీస్తాం. ఆ నీళ్లు తెచ్చే మూడు పాయల్లో ఒకటి ఈ మిడిల్ ఫోర్క్. నార్త్ బెండ్ దాటాక హైవే దిగి లోయలోకి పోతుంటే ఫోన్ సిగ్నల్ పోతుంది. సగం ఆ సుఖం కోసమే వెళ్తాను.

ఆ ఏటి వెంబడి పోయే ఈ నడకదారిలో సైకిళ్లకు బేసి తేదీల్లోనే అనుమతి. సైకిల్ కనబడితే వెంటపడే జబ్బు జున్నుకి. అందుకని క్యాలెండర్ చూసి సరి తేదీ ఎంచుకున్నాను. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకున్నట్టే అయింది.

కారు అద్దానికి ఫారెస్ట్ పాస్ తగిలించి కాస్త దూరం నడిచామో లేదో, వేలాడే వంతెన. కింద నీళ్ల హోరు. జున్ను ముందు కాళ్లు రెండూ పలకల మీద పెట్టి, పక్కనుంచి కిందికి చూసి, కూర్చుండిపోయాడు. బిస్కెట్ చూపించినా కదల్లేదు. వెనక నలుగురు నవ్వుతూ ఆగారు. ఇక చేసేదేముంది, 28 కిలోల పెద్దమనిషిని ఎత్తుకుని దాటించాను. మధ్యలో వంతెన ఊగినప్పుడు గుండె దడదడలాడింది, వాడిదో నాదో.

అవతల ఎటు చూసినా నాచు. ఒకచోట పాత సీడార్ మొద్దు, నేను చేతులు బారజాపినా అందనంత వెడల్పు. దాని ఒంటి మీద రెండు గాట్లు, కళ్లలాగా. గొడ్డళ్లూ చేతిరంపాల రోజుల్లో చెట్లు కొట్టేవాళ్లు ఆ గాట్లలో పలకలు దూర్చి, వాటి మీద నిలబడి కోసేవాళ్లు. మొదలు దగ్గర మాను మరీ లావు కదా, కాస్త పైకెక్కితే పని తగ్గుతుంది. ఇప్పుడు ఆ మొద్దు నెత్తిన హెమ్లాక్ చెట్టు లేచింది. వేళ్లు మొద్దు పొడుగునా కిందికి పాకి నేలను అందుకున్నాయి, మా ఊళ్లో పాత గోడల మీద రావిమొక్కల్లా. జున్ను ఆ చరిత్రంతా పట్టించుకోకుండా కాలెత్తాడు.

ఏటి ఒడ్డున బండ మీద భోజనం. నాకు పులిహోర, వాడికి ఉప్పూ తాలింపూ లేని పెరుగన్నం. ఏటి నీళ్లు ఎంత తేటగా ఉన్నా కుక్కల కడుపు పాడుచేసే క్రిములు ఉండొచ్చని సీసాలో నీళ్లు తెచ్చాను. ఆ మాట వాడికెవరు చెప్పాలి? నేను మూత తీసేలోపే ఏట్లో రెండు గుక్కలు తాగేశాడు.

నీళ్ల మధ్య రాయి మీద బూడిదరంగు డిప్పర్ పిట్ట గుంజీళ్లు తీస్తోంది. తీసి తీసి బుడుంగున మునిగింది. జున్ను లీష్ బిగిసింది.

మా ఊళ్లో కుక్కలకు తాడంటేనే తెలియదు. మా రాజుగాడు నాన్న వెంట పొలానికెళ్లి, కాలవలో పొర్లి, ఎప్పుడో పొద్దుగూకాక వాడంతట వాడే వచ్చేవాడు. ఇక్కడ అడవిలోనూ లీష్ ఉండాల్సిందే. ఎలుగుబంట్లు తిరిగే చోటు, రూలు సబబే. అయినా ఆ పిట్ట వైపు వాడు లాగడం, నేను వెనక్కి లాగడం... నాకే ఏదోలా అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు వంతెన దగ్గర మళ్లీ ఎత్తుకోబోయాను. అటునుంచి ఓ ముసలి పొమరేనియన్ కుక్క బుడిబుడి అడుగులతో వస్తోంది. జున్ను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, లేచి నడిచేశాడు. సగం దాకానే. మిగతా సగం మళ్లీ నా చంకే.

ఇంటికొచ్చి వాడి బురదంతా కడిగి, అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది, కాఫీ పెడుతోంది. వీణ్ని తెచ్చుకున్నప్పుడు ఇంట్లో కుక్కేమిటని వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడని మనిషి.

"అంతసేపు నడిపించావా వాణ్ని? కాస్త కాళ్లు పట్టు," అంది.