ట్రాప్‌లో వచ్చే అంకెల్ని మనిషి మాటగా మార్చడం

ట్రాప్ అంటే యూపీఎస్, స్విచ్ లాంటి పరికరం ఏదైనా జరిగినప్పుడు ఎస్‌ఎన్‌ఎంపీ అనే ప్రోటోకాల్‌లో తనంతట తానే పంపే సందేశం. అది చేరిన లాగ్ తెరిస్తే .1.3.6.1.4.1.318.0.5 అని ఒక అంకెల వరస కనిపిస్తుంది. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు మాత్రం అది "కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తోంది" అని కనపడాలి. మానిటరింగ్‌లో నా దృష్టికి ఇంతకంటే ముఖ్యమైన పని లేదు.

ఈ అంకెల వరసను ఓఐడీ అంటారు, దాన్ని ఎడమవైపు నుంచి చదవాలి. 1.3.6.1.4.1 వరకు కంపెనీలన్నిటికీ ఒకటే. దాని తర్వాతది కంపెనీ నంబరు: 9 సిస్కో, 318 ఏపీసీ, 8072 నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ (లినక్స్‌లో వాడే ఎస్‌ఎన్‌ఎంపీ సాఫ్ట్‌వేర్). చివరి 5 ట్రాప్ నంబరు. మరి మధ్యలో సున్నా ఎందుకు? ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1 ట్రాప్‌లో కంపెనీ ఓఐడీ, ట్రాప్ నంబరు విడివిడిగా వస్తాయి; వెర్షన్ 2 రూపంలోకి మార్చేటప్పుడు రెంటినీ ఒక సున్నాతో అతికిస్తారు. ఆ సున్నా మరిచిపోయి .318.5 అని రూల్ రాస్తే అది ఎన్నటికీ మ్యాచ్ కాదు. లింక్‌డౌన్ (పోర్టు లింకు పోయిందని చెప్పేది) లాంటి, అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉండే సాధారణ ట్రాప్‌ల లెక్క వేరు: వెర్షన్ 1 నంబరుకు 1 కలపాలి. అక్కడ లింక్‌డౌన్ 2, ఇక్కడ .1.3.6.1.6.3.1.1.5.3.

పేరు కోసం ఎస్‌ఎన్‌ఎంపీట్రాన్స్‌లేట్ కమాండ్‌కు ఈ నంబరు ఇవ్వండి. జవాబు "ఎంటర్‌ప్రైజెస్.318.0.5" లాగా అంకెలతోనే ఆగిపోతే కంపెనీ మిబ్ (ఓఐడీ అంకెలకు పేర్లు, వివరణలు ఇచ్చే ఫైలు) లోడ్ కాలేదన్నమాట. డెబియన్, ఉబుంటుల్లో మొదట చూడాల్సింది ఎస్‌ఎన్‌ఎంపీ డాట్ కాన్ఫ్ ఫైలు: అందులో "మిబ్స్" అని రాసి పక్కన కోలన్ మాత్రమే ఉన్న లైను ఉంటే మిబ్‌లేవీ లోడ్ కావు. దానికి ముందు హ్యాష్ పెట్టండి. అయినా పేరు రాకపోతే మిబ్ ఫైల్లో పైన ఉండే ఇంపోర్ట్స్ భాగం చదవండి. అక్కడ పేర్కొన్న మాడ్యూళ్లన్నీ ఫోల్డర్‌లో ఉండాలి. పేర్లలో అండర్‌స్కోర్లు ఉన్న మిబ్‌లకు పెద్ద పీ, చిన్న యూ ఆప్షన్ ఇవ్వాలి. పెద్ద టీ, చిన్న డీ ఆప్షన్‌తో వివరణ కూడా వస్తుంది. అలర్ట్ సందేశం రాసేముందు దాన్ని తప్పక చదవండి.

ట్రాప్ అసలు రాకపోతే యూడీపీ 162 మీద టీసీపీడంప్ (నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే కమాండ్) పెట్టి చూడండి. ప్యాకెట్ వస్తున్నా లాగ్‌లో ఏమీ లేదంటే, ఎస్‌ఎన్‌ఎంపీట్రాప్‌డీ (ట్రాప్‌లు అందుకునే ప్రోగ్రాం) కాన్ఫిగ్‌లో ఆథ్‌కమ్యూనిటీ లైను లేకపోయి ఉండవచ్చు. అది లేకుంటే వెర్షన్ 1, 2 ట్రాప్‌లను ఆ ప్రోగ్రాం పట్టించుకోదు. జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో చిక్కు: ట్రాప్ ఏ ఐపీ నుంచి వచ్చిందో, హోస్ట్‌కు ఇచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ ఇంటర్‌ఫేస్‌లోనూ అదే ఉండాలి. మధ్యలో నాట్ (ఐపీ అడ్రసును మార్చేది) ఉంటే పొసగదు.

పేరు దొరికినంత మాత్రాన పని అయిపోదు. లింక్‌డౌన్‌తో పాటు మూడు విలువలు వస్తాయి: ఇఫ్‌ఇండెక్స్ (ఏ పోర్టు), అడ్మిన్ స్టేటస్ (మనం పెట్టిన స్థితి), ఆపర్ స్టేటస్ (నిజంగా ఉన్న స్థితి). 1 అంటే తెరిచి ఉంది, 2 అంటే మూసి ఉంది. అడ్మిన్ 2 అయితే పోర్టును ఎవరో కావాలనే మూశారు. అడ్మిన్ 1, ఆపర్ 2 అయితే కేబులో, అవతలి పరికరమో చూడాలి. ఈ రెంటికీ ఒకే సందేశం పంపితే నాలుగు రోజుల్లో ఎవరూ అలర్ట్‌ను నమ్మరు.

పరికరం ఇవ్వని డేటాను మనమే తయారు చేసుకోవచ్చు. లినక్స్ సర్వర్‌లో ఎస్‌ఎన్‌ఎంపీడీ (ఎస్‌ఎన్‌ఎంపీ ప్రశ్నలకు జవాబిచ్చే ప్రోగ్రాం) కాన్ఫిగ్‌లో ఎక్స్‌టెండ్ అని రాసి, ఒక పేరు, స్క్రిప్టు పూర్తి పాత్ ఇస్తే చాలు. ఆ స్క్రిప్టు మొదటి లైను .1.3.6.1.4.1.8072.1.3.2.3.1.1 కింద దొరుకుతుంది. దాని చివర మీరిచ్చిన పేరు అంకెలుగా చేరుతుంది: ముందు అక్షరాల సంఖ్య, తర్వాత ఒక్కో అక్షరం ఆస్కీ కోడ్. "టెంప్" అని ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల పేరు పెడితే 4.116.101.109.112. ముందున్న 4 వదిలేస్తే "అలాంటి ఇన్‌స్టెన్స్ లేదు" అనే జవాబు వస్తుంది.

స్క్రిప్టు రూట్‌గా నడిపితే పనిచేసి, ఇక్కడ ఖాళీగా వస్తే అనుమతులు చూడండి. డెబియన్‌లో ఎస్‌ఎన్‌ఎంపీడీ తనకంటూ వేరే యూజర్‌తో నడుస్తుంది. వచ్చేది స్ట్రింగ్ కాబట్టి 36.5 పక్కన యూనిట్ రాయకండి, అంకె ఒక్కటే ప్రింట్ చేయించండి. బాగుందా, చెడిందా అన్నదే కావాలంటే పేరు అంకెలకు ముందున్న 1.1 బదులు 1.4 అడగండి, స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్ పూర్ణాంకంగా వస్తుంది.