52వ కాలమ్ దగ్గర మొదలయ్యే తెల్లగీత

మూడు సాయంత్రాలు ఒకే ఒక్క తెల్లగీతతో గడిచిపోయాయి. కారణం ఇప్పుడే చేతికి చిక్కింది కాబట్టి, ఆ ఉత్సాహం చల్లారకముందే కొలతలతో సహా రాసిపెడుతున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్న 9 పిన్నుల డాట్ మాట్రిక్స్ ప్రింటర్‌ను (సన్నటి పిన్నులు రిబ్బన్‌ను కొట్టి చుక్కలతో అక్షరాలు వేసే యంత్రం) పాత 286 కంప్యూటర్‌కు తగిలించగానే డాస్ నుంచి మొదటి పేజీ వచ్చేసింది. కొత్త రిబ్బన్ కూడా చక్కగా పడుతోంది.

చిక్కంతా ఏడో పిన్నుతోనే. ప్రతి వరుసలోనూ 52వ కాలమ్ (ఒక్క అక్షరం పట్టే గడి) నుంచి 75 వరకు ఇంగ్లిష్ అక్షరాల అడుగు గీత ఎగిరిపోతోంది. అక్కడ పెద్ద ‘ఈ’ అచ్చం ‘ఎఫ్’లా కనిపిస్తోంది. చివరి ఐదు కాలమ్‌లలో మళ్లీ అక్షరం నిండుగా పడుతోంది. గ్రాఫిక్స్ మోడ్‌లో పంపే సంఖ్య ఏ పిన్నులు కొట్టాలో చెబుతుంది: 255 అంటే ఎనిమిదీ, 2 అంటే ఏడోది ఒక్కటే. వరుస పొడవునా 255 పంపితే, ఎనిమిది చుక్కల నల్లపట్టీలో ఆ మేర పైనుంచి ఏడో చుక్క లేదు. 2 మాత్రమే పంపితే ఆ మేర కాగితం తెల్లగానే ఉంది. కంప్యూటర్‌తో పనిలేకుండా ప్రింటరే కొట్టే సెల్ఫ్ టెస్ట్‌లోనూ ఇదే గీత వచ్చింది కనుక కంప్యూటర్ మీద అనుమానం తొలగింది.

సిరా ఎండి పిన్ను పట్టేసిందని మొదట అనుకున్నాను. పిన్నులుండే హెడ్ ముక్కును 2 మిల్లీమీటర్ల లోతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా ఉంచితే సిరా బాగానే ఊడింది కానీ గీత మాత్రం పోలేదు. పిన్నును కదిలించే కాయిల్ (తీగచుట్ట) వేడెక్కి మొరాయిస్తోందేమోనని ఎస్కేప్ యూ 1 అనే ఆదేశం పంపి ఒకే దిశలో కొట్టించాను. వేడి కారణమైతే గీత చోటు మారాలి, కానీ అది ఒక్క కాలమ్ కూడా జరగలేదు. అంటే లోపం పిన్నులో కాదు, హెడ్ ఎక్కడ ఉందన్న దానిలో ఉంది.

ప్లగ్ తీసేసి, హెడ్ ఫ్లాట్ కేబుల్‌ను బోర్డు వైపు ఊడదీసి, ఆ కొస దగ్గర మల్టీమీటర్ పెట్టి హెడ్‌ను చేత్తో మెల్లగా జరిపాను. ఏడో కాయిల్ 19.8 ఓమ్‌లు చూపుతూ, ఎడమ అంచు నుంచి సుమారు 13 సెంటీమీటర్లు దాటగానే ఒక్కసారిగా ఓపెన్ అయింది, అంటే కరెంటు దారి తెగింది. మిగతా కాయిల్స్ ఎక్కడా చలించలేదు. కేబుల్ లోపల ఏడో దారి తెగి ఉంది. ఆ చోటు వంపులోకి వచ్చినప్పుడు కొసలు విడిపోతున్నాయి, వంపు దాటాక మళ్లీ తాకుతున్నాయి. నిర్ధారణ కోసం బోర్డు వైపు మడత నుంచి 5 మిల్లీమీటర్లు వదులు ఇచ్చి కొట్టించాను. గీత 54వ కాలమ్‌కు జరిగింది! ఒక్కో కాలమ్ 2.54 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క సరిగ్గా సరిపోయింది.

తెగిన చోట సిల్వర్ పెయింట్ పూసే పద్ధతి నాకు నచ్చదు; రోజంతా వంగే చోట ఆ పూత నిలవదు. 14 దారుల, 1.25 మిల్లీమీటర్ల ఎడం ఉన్న కేబుల్ వెతుకుతున్నాను. పాత కేబుల్ కన్నా మందంగా ఉన్నది మాత్రం వేయను, అది హెడ్‌ను వెనక్కి లాగుతుంది.

అది దొరికాక తెలుగు అక్షరాలు కొట్టించాలి. ఎప్సన్ కంపెనీ ప్రింటర్ల ఈఎస్‌సీ/పీ ఆదేశాలంత తేటగా ఉన్న ప్రింటర్ భాష నాకు మరొకటి తగల్లేదు. అందులోని ఎస్కేప్ స్టార్ 5 మోడ్‌లో అడ్డంగానూ నిలువుగానూ అంగుళానికి 72 చుక్కలే కనుక ‘ఠ’ గుండ్రంగానే పడాలి. వరుసల ఎడం 24/216 అంగుళాలకు, అంటే ఎనిమిది చుక్కల ఎత్తుకు కుదిస్తే, రెండో విడతలో కొట్టే ఒత్తులు పై అక్షరానికి సందు లేకుండా అతుక్కుంటాయి. ‘క్ష్మ’తో మొదలుపెడతాను.