కాలువ మీద మా అన్నయ్య ఇంజను

నెల్లూరు వైపు కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీళ్లు వదిలారని పేపర్లో వచ్చిన రోజు నాకు రెండు ఫోన్లు ఖాయం. ఒకటి కింది అంతస్తు మామి నుంచి, "మీ ఊరి నీళ్లు వస్తున్నాయటే!" అని సంతోషంగా. రెండోది మా అన్నయ్య నుంచి, "ఏమ్మా, మా నీళ్లు తాగేదానికి సంపులు కడుక్కున్నారా?" అని ఎత్తిపొడుపుగా. ఇద్దరి దగ్గరా నవ్వి ఊరుకుంటాను.

మాది వెంకటగిరి వైపు. కండలేరు–పూండి కాలువ తవ్వినప్పుడు తాత పొలంలో ఎకరంన్నర అందులో పోయింది. మిగిలిన మూడెకరాలకు ఆ కాలువలో చుక్క వాటా లేదు. కట్ట మీద నిలబడితే ఓ పక్క నిండుగా పారే నీళ్లు, ఇంకో పక్క మా వేరుశనగ చేను వడలిపోతూ కనిపిస్తాయి. అందుకని అన్నయ్య దగ్గర ఒక ఆయిల్ ఇంజను, నాలుగు పొడవుల పైపు ఉంటాయి. చీకటి పడ్డాక దింపుతాడు, కాలువ మీద తిరిగే జీపు చప్పుడు వినిపిస్తే తీసేస్తాడు. ఒకసారి పైపులు పట్టుకుపోయారు. మళ్లీ కొన్నాడు. మా ఊళ్లో దీన్ని ఎవరూ దొంగతనం అనరు, "నీళ్లు పెట్టుకోవడం" అంటారు.

నేనుండేది చెన్నైలో, విల్లివాక్కంలో. 2019 జూన్‌లో చెన్నైకి నీళ్లిచ్చే జలాశయాలు పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు అడుగంటాయి. జూలైలో జోలార్‌పేట నుంచి నీళ్ల రైలు మా స్టేషన్‌కే వచ్చింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను కూడా. ఆ నీళ్లు మా ఇళ్లకు రాలేదులెండి, పైపులో కీల్పాక్కం శుద్ధి కేంద్రానికి వెళ్లాయి. మాకు దిక్కు లారీయే.

మా అపార్ట్‌మెంట్‌లో 18 ఇళ్లు. లెక్కలు రాసేది నేను. 12,000 లీటర్ల లారీ వస్తే ఇంటికింత అని పంచాలా, తలకింత అని పంచాలా అన్న దాని మీద మూడు మీటింగులు పెట్టాం. ఇద్దరే ఉండే ఇళ్లవాళ్లు ఇంటికింత అన్నారు, అత్తమామలు కూడా ఉన్నవాళ్లు తలకింత అన్నారు. చివరికి ఇంటికింతే అయింది, ఎందుకంటే డబ్బు కట్టేది ఇంటి లెక్కన. వారం తిరక్కముందే రెండో అంతస్తు అబ్బాయి రాత్రి రెండింటికి సంపులోంచి బకెట్లతో తోడుకుంటూ వాచ్‌మన్‌కి దొరికాడు. ఇంట్లో నెలల పిల్ల ఉంది పాపం. అయినా నేను పుస్తకంలో 200 ఫైన్ రాశాను. ఆ వారం అన్నయ్యకు ఫోన్ చేయలేదు.

తర్వాత అతనే చేశాడు, మాటా మాటా పెరిగింది. "మీ తాగునీళ్ల పేరు చెప్పి మమ్మల్ని ఎండబెడుతున్నారు" అన్నాడు. "మా వాటా మధ్యలో తోడేస్తున్నారు" అన్నాను. అసలు ఆ వాటా ఎంతో ఇద్దరికీ సరిగ్గా తెలియదు. మర్నాడు కూర్చుని వెతికాను.

ఆ కాలువలోకి వదిలేది కృష్ణా నీళ్లు. రాష్ట్రాల మధ్య వాటాలు తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో పంచింది 2,060 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు): మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. మద్రాసు దాహానికి ఆ మూడు రాష్ట్రాలూ తమ వాటాల్లోంచి తలా 5 వదులుకుంటామని 1976లో ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్ 18న ఎన్టీఆర్, ఎంజీఆర్ హయాంలో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. 15లో ఆవిరికీ ఇంకుడుకూ 3 తీసేసి, సరిహద్దులో 12 అప్పజెప్పాలి. జూలై నుంచి అక్టోబర్ దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. మొదటిసారి నీళ్లొచ్చేసరికి 1996 అయింది. అప్పటి కాలువ గట్లు ఎక్కడికక్కడ తెగేవి. సత్యసాయి ట్రస్టు డబ్బు పెట్టి బాగు చేయించాకే దారి కుదురుకుంది, సత్యసాయి గంగ అన్న పేరూ వచ్చింది. ఇప్పుడు చెన్నైకి రోజుకు సుమారు 100 కోట్ల లీటర్లు కావాలి. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు, అంటే నాలుగు వారాలు. 12 నిజంగా వస్తే దాదాపు పదకొండు నెలలు! చాలా ఏళ్లు అందులో సగం కూడా చూడలేదు.

ఎందుకు రావంటే, శ్రీశైలంలో మట్టం ఉండాలి. నిండితే 885 అడుగులు. 854 దిగువకు పోతే తెలుగుగంగకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు తూముల్లోంచి నీళ్లు తీసుకోవడం కష్టమని సీమ వాళ్లను నిద్రలేపి అడిగినా చెప్తారు. కరెంటు మాత్రం 834 దాకా తీయొచ్చు, ఆ నీళ్లు కిందికి నాగార్జునసాగర్‌కు పోతాయి. ఏటా తగవంతా ఈ ఇరవై అడుగుల దగ్గరే. తూము దాటాక కూడా వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు నింపుకుంటూ రావాలి. తెలుగుగంగ కింద కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో 5.75 లక్షల ఎకరాల ఆయకట్టు అనుకున్నారు. కండలేరు నుంచి సరిహద్దుకు ఇంకో 152 కిలోమీటర్లు. మా అన్నయ్య ఇంజను అక్కడ కూర్చుని ఉంది.

ఇదంతా అతనికి చదివి వినిపించాను. 15లో 3 ఆవిరికి తీసేశారన్న దగ్గర ఆపి, "ఆవిరికి వాటా పెట్టారు, పొలం ఇచ్చినోడికి పెట్టలేదే?" అన్నాడు. ఒప్పందంలో దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

మొన్న ఊరికి వెళ్తూ ఊత్తుకోట్టై దగ్గర కారాపించాను. జీరో పాయింట్. తమిళనాడు లెక్క మొదలయ్యేది ఇక్కడినుంచే. నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. అన్నయ్యకు ఫోన్ చేస్తే, "ఎంత ఉన్నాయి అక్కడ?" అన్నాడు.

"నడుము లోతు ఉంటాయేమో."

"పొద్దున మా దగ్గర రొమ్ము లోతు ఉన్నాయే!" అని కాసేపు ఆగి, "నేనొక్కణ్ణే కాదులేమ్మా" అన్నాడు.