మర్రకేష్ నుంచి ఫెజ్ దాకా: అట్లాస్ కనుమలు దాటిన మా కారు ప్రయాణం

మొరాకోలో కారు మనమే నడుపుకుందామని పట్టుబట్టింది నేనే. టూర్ వ్యాన్ ఎక్కితే ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో వాళ్లే చెప్తారు. కొండలు దాటి సహారా అంచుదాకా పోయే దారిలో నా ఇష్టం వచ్చిన చోట ఆగాలని నా కోరిక.

పని ఆర్టీఏ ఆఫీసులో మొదలైంది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదిపాటు చెల్లుతుంది గానీ, మన అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. అద్దె కారు డిపాజిట్‌కి, నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. మర్రకేష్‌లో అద్దె కార్ల కౌంటర్ దగ్గర అబ్బాయి అదనపు ఇన్సూరెన్స్ తీసుకోమని ఒకటే ఒత్తిడి. మా ఆయన అతనితో మాట్లాడుతుంటే నేను కారు చుట్టూ తిరిగి వీడియో తీసుకున్నాను: గీతలు, సొట్టలు, డిక్కీలో స్టెప్నీ, జాకీ, చివరికి ఇంధనం ముల్లుతో సహా. ఎవరు వెళ్లినా ఇది మాత్రం చేయండి.

అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి, గేరు కుడిచేత్తో వేయాలి. ఊరు దాటేదాకా ప్రతి మలుపులోనూ మా ఆయన "కుడివైపు, కుడివైపు" అంటూనే ఉన్నారు. ఊళ్ల మొదట్లో జెండార్మ్‌ల (అక్కడి పోలీసుల) చెక్‌పోస్టులు ఉంటాయి. బోర్డు కనిపించగానే వేగం తగ్గించి, చేత్తో వెళ్లమనేదాకా ఆగాలి. చాలాసార్లు నవ్వి పంపేశారు.

మర్రకేష్ నుంచి వార్జాజాత్ ఊరికి వెళ్లే ఎన్9 రోడ్డు దాదాపు 200 కిలోమీటర్లు. తిజి న్ తిష్కా కనుమ దగ్గర అది 2,260 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. దూరం చూసి తక్కువేగా అనుకోకూడదు, ఆగకుండా నడిపినా నాలుగు గంటలు పడుతుంది. చలికాలంలో మంచు పడితే గేటు వేసేస్తారు. అందుకే పొద్దున్నే గెస్ట్‌హౌస్ ఆయన్ని దారి తెరిచే ఉందా అని అడిగాకే బయలుదేరాం. ఘాట్ రోడ్డులో లారీ వెనక సెకండ్ గేర్‌లో పాకుతుంటే టెన్షన్ అనిపించింది. కానీ అక్కడి డ్రైవర్లు, ముందు దారి ఖాళీగా ఉంటే ఇండికేటర్ వేసి మనకి సైగ చేస్తారు. అయినా నా కంటికి కనిపిస్తేనే ఓవర్‌టేక్ చేశాను.

మలుపుల్లో రాళ్లు అమ్మేవాళ్లు కనిపిస్తారు. రెండుగా పగిలిన గుండ్రాయి, లోపల ఎర్రగా మెరిసే స్ఫటికాలు. తడివేలితో రుద్దితే రంగు వేలికి అంటుకుంది. పక్కనే ఉన్న తెల్లరాయి అసలైనది, అదే కొనుక్కున్నాను.

కనుమకి ఇవతల వాల్‌నట్ చెట్లు, మెట్లు మెట్లుగా పచ్చటి పొలాలు. అవతలికి దిగగానే ఎర్రమట్టి, బోడికొండలు. అట్లాంటిక్ నుంచి వచ్చే మబ్బులు ఇవతలి వాలు మీదే కురిసేసి వెళ్తాయి. మాది అనంతపురం జిల్లా. పడమటి కనుమలు అడ్డుపడి మాకు వాన తగ్గిపోవడం పుస్తకంలో చదివిందే, కానీ ఒక్క పూటలో కళ్లముందు చూడటం ఇదే మొదలు.

ఐత్ బెన్ హద్దూ మట్టికోట 1987 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. 2023 సెప్టెంబరు భూకంపం దీన్నీ దెబ్బతీసింది. మట్టీ గడ్డీ కలిపి కట్టే గోడలు కాబట్టి మామూలుగానే ఎప్పటికప్పుడు మెత్తుకుంటూ ఉండాలి. తోద్రా లోయలో నిటారు కొండలు రెండువైపులా దగ్గరగా వచ్చేస్తాయి. అంత గొప్ప చోటైనా, బస్సుల రద్దీలో నాకు మనసు నిలవలేదు.

నన్ను పట్టేసింది ఎర్ఫూద్ ఊరికి ముందు వచ్చే బయలు. రోడ్డు పక్కన కనుచూపు మేర వరసగా మట్టిదిబ్బలు, చీమల పుట్టల్లా. అవి ఖెత్తారాలు. కొండ పాదాల దగ్గరి భూగర్భజలాన్ని సొరంగంలో వాలుగా పారించి ఒయాసిస్‌కి తెస్తారు. మోటారు అక్కర్లేదు, ఎండకి ఆవిరయ్యేదీ తక్కువే. పూడిక తీయడానికి పైనుంచి తవ్విన బావుల మట్టే ఆ దిబ్బలు. మన పక్కనే బీదర్‌లో కరేజ్ ఉంది, పద్ధతి ఒకటే. చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఒకచోట మెట్లు కట్టారు. దిగితే చల్లగా ఉంది, కాళ్లకింద నేల పొడిగా ఉంది. చుట్టూ బోర్లు, పంపుసెట్లు వచ్చాక నీటిమట్టం పడిపోయి ఇలాంటివి ఎన్నో ఎండిపోయాయి. తోటలో బోరు మీద బోరు వేసి మా నాన్న పడ్డ బాధంతా గుర్తొచ్చి చాలాసేపు పైకి రాలేకపోయాను. "ఇంక వెళ్దామా, చీకటి పడుతుంది" అని మా ఆయన పిలిచాకే కదిలాను.

ఆయన అన్నదీ నిజమే. అక్కడ చీకట్లో నడపకూడదు. లైట్లు లేని బండ్లు, గాడిదలు, సైకిళ్లు రోడ్డు మీదే ఉంటాయి. సహారా అంచున ఉన్న మెర్జూగా ఊరి దగ్గర గాలికి ఇసుక తారు మీదికి కొట్టుకొస్తుంది, దాని మీద గట్టిగా బ్రేక్ వేస్తే కారు జారుతుంది.

ఇసుకదిబ్బల మీద సూర్యోదయం చూసి, జిజ్ లోయ ఖర్జూరతోటల మీదుగా ఉత్తరానికి తిరిగాం. మిదెల్త్‌లో యాపిల్ పళ్లు, అజ్రూ దగ్గర దేవదారు అడవిలో కోతులు. అలా ఫెజ్ చేరాం. కారు అప్పగించేటప్పుడు బంపర్ మీద గీత చూపించి డబ్బులు అడిగారు. మొదటిరోజు వీడియో తీసి చూపించాను, అందులో ఆ గీత స్పష్టంగా ఉంది. ఇంకేమీ మాట్లాడకుండా కాగితం మీద సంతకం పెట్టారు. ఇండియా వచ్చాక డిపాజిట్ మొత్తం కార్డుకి తిరిగి వచ్చింది.