సూర్యలంక తిన్నెల మీద నిలవని బూట్లు
బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో ఇసుక తిన్నెలు ఎక్కి దిగి సరుగుడు తోటల్లోకి సాగే నడకలో మా లాబ్రడార్ రాణి ముందుకాళ్ల బూట్లు ఈసారి కూడా నిలవకపోవడం నాకు చాలా నిరాశ కలిగించింది. నాటుకుక్క భీముడు బూట్లు లేకుండానే దారంతా హాయిగా నడిచాడు.

తారు రోడ్డు మీద గంటసేపు కదలని ఆ బూట్లు వదులు ఇసుకలో పది నిమిషాలకే ఊడిపోతున్నాయి. రాణి బరువు 29 కిలోలు. ముందుపాదం వెడల్పు నిలబడినప్పుడు 7.5 సెంటీమీటర్లు, ఎత్తినప్పుడు వేళ్లు దగ్గరపడి 6.5. బూటు ఎత్తు 9 సెంటీమీటర్లు కాగా, తిన్నె ఎక్కేటప్పుడు పాదం 10 సెంటీమీటర్ల వరకు దిగబడుతోంది. అందువల్ల ప్రతి అడుగులోనూ బూటు అంచు ఇసుకలో మునుగుతోంది. పాదం పైకి లేచి వేళ్లు ముడుచుకోగానే ఏర్పడే ఖాళీలోకి ఇసుక జారి అక్కడే ఉండిపోతోంది. ఊడిన బూటులోని ఇసుకను తూస్తే 40 గ్రాములుంది. ఆ బరువంతా మొనకు చేరి, కాలు విసిరినప్పుడల్లా బూటును కిందికి లాగుతోందని నా అంచనా. వెల్క్రో మరింత బిగిస్తే పక్కగోరు దగ్గర చర్మం ఎర్రబడింది. లోపల మేజోడు తొడిగితే నేతలోంచి సన్న ఇసుక దూరి పాదం ఒరుసుకుపోయింది. అలలు తడిపి గట్టిపరచిన ఇసుకలో పాదం 2 సెంటీమీటర్లే దిగింది, అక్కడ ఒక్క బూటూ ఊడలేదు. కుక్క బరువు ముందుకాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది కాబట్టి వెనుక బూట్లు నిలవడమూ ఇందుకు సరిపోతోంది: లోపం సైజులో కాదు, ఎత్తులో ఉంది.

బూట్లు మానేయడానికి వీల్లేదు. ఉదయం ఆరున్నరకు 27 డిగ్రీలున్న తిన్నె పైభాగం తొమ్మిదిన్నరకు 47 చూపించింది; పైగా పల్లేరుకాయలు, రావణాసురుడి మీసాలనే ముళ్లగడ్డి మొనలు అడుగడుగునా ఉన్నాయి. మషర్స్ సీక్రెట్ మైనం పాదాల పగుళ్లకు చక్కగా పనిచేస్తుంది గాని ముళ్లను ఆపదు. దళసరి అడుగున్న ఖరీదైన బూట్ల కన్నా, నేల స్పర్శ తెలిసే పలుచని అడుగే తిన్నెలకు మేలని నా అభిప్రాయం.

ఇక రెయిన్‌కోటు గుడ్డతో 16 సెంటీమీటర్ల గొట్టాన్ని బూటు అంచుకు కుట్టించి చూస్తాను. కుక్కలకు పాదాల మెత్తల నుంచి చెమట పడుతుంది కాబట్టి అరగంటకోసారి విప్పి ఆరబెట్టాలి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి, పిల్లలు బయటపడడానికి మరో 45 నుంచి 60 రోజులు పడుతుంది, కుక్కలు వాసన పట్టి ఆ గూళ్లను తవ్వేస్తాయి. అందుకని మే నెలాఖరు దాకా ఒడ్డు వైపు వెళ్లకుండా, ఇద్దరినీ పట్టీ వదలకుండా సరుగుడు తోటల లోపలి తిన్నెల మీదే కొత్త బూట్లను పరీక్షిస్తాను.